పరిసరాలు, పిల్లల నడవడి: హోమ్‌స్కూలింగ్ చేసే క్రైస్తవ తల్లిని తరచుగా అడిగే ప్రశ్నలు

మా ముగ్గురు పిల్లలకూ ఇంట్లోనే చదువు చెప్పడం మొదలుపెట్టి పదేళ్లయింది. పెద్దవాడికి ఇప్పుడు 16, రెండోవాడికి 12, పాపకి 7. సంఘంలోవాళ్లు, బంధువులు, హోమ్‌స్కూలింగ్ గురించి ఆలోచిస్తున్న కొత్త తల్లిదండ్రులు నన్ను సిలబస్ గురించి అడిగేది తక్కువ. "ఇంట్లో ఉంచి పెంచితే పిల్లలు నిజంగా మంచివాళ్లవుతారా?" అన్నదే రకరకాలుగా అడుగుతారు. అలా వచ్చిన ప్రశ్నలకు నేను చెప్పే జవాబులు ఇవి. కొన్నిటికి చాలా చెప్పాలి, కొన్నిటికి రెండు ముక్కలు చాలు.

పరిసరాలు అంటే మీ ఉద్దేశంలో ఏమిటి? ఇల్లా, వీధా, స్నేహితులా?

అన్నీనూ. కాకపోతే మొదట్లో నేను వాటిని తప్పు వరుసలో పెట్టుకున్నాను. బయటి పిల్లల మాటలు, టీవీ, చెడ్డ పుస్తకాలు వీటిని గుమ్మం బయట ఆపేస్తే చాలనుకున్నాను. నా గొంతు కూడా పిల్లలకు పరిసరమేనని, మా ఆయనా నేనూ మాట్లాడుకునే తీరు, అనుకున్న పని చెడినప్పుడు నా ముఖం మారే తీరు కూడా అందులోవేనని నాకు తట్టలేదు.

అది తెలిసిన రోజు బాగా గుర్తుంది. పాపకి అప్పుడు నాలుగేళ్లు. బొమ్మలన్నిటినీ గోడకు ఆనించి వరుసగా కూర్చోబెట్టింది. చెవి ఊడిపోయిన కుందేలు ముందు గొంతుక్కూర్చుని, చూపుడువేలు మడిచి కణుపుతో నేలమీద టక్‌టక్‌మని కొడుతూ, "ఎన్నిసార్లు చెప్పాలి నీకు? అసలు వింటున్నావా?" అంది. మాట నాది, గొంతు నాది, ఆ వేలు మడిచి కొట్టడం కూడా నాదే. రెండోవాడు లెక్క తప్పు చేసినప్పుడు నేను బల్లమీద అలాగే కొట్టేదాన్ని. ఆ సమయంలో పాప పక్కగదిలో ఆడుకుంటూ ఉండేది. తనకు నేను ఒక్క పాఠం కూడా చెప్పడం మొదలుపెట్టలేదు. కానీ తను నేర్చుకుంటూనే ఉంది.

బ్రిటన్ విద్యావేత్త షార్లెట్ మేసన్ (1842–1923) పేరు హోమ్‌స్కూలింగ్ చేసేవాళ్లకు తెలిసే ఉంటుంది. వాతావరణం, క్రమశిక్షణ, జీవం ఈ మూడూ చదువుకు సాధనాలని ఆవిడ చెప్పేది. వాతావరణం అంటే పిల్లల కోసమని ప్రత్యేకంగా తయారుచేసిన లోకం కాదని, ఇంట్లో మనుషులూ వస్తువులూ సహజంగా ఉన్న తీరేనని కూడా ఆవిడే చెప్పింది. పాపను చూసిన రోజున ఆ మాట నాకు కొత్తగా అర్థమైంది.

మనిషి చెడు అతని హృదయంలోంచే వస్తుందని యేసుప్రభువు చెప్పాడు కదా. మరి పరిసరాలను ఎందుకు పట్టించుకోవాలి?

మార్కు 7వ అధ్యాయంలో ప్రభువు చెప్పింది అదే. దురాలోచనలు, దొంగతనం, అసూయ, గర్వం అన్నీ లోపలినుంచే వస్తాయి. ఈ ప్రశ్న అడిగినవాళ్లంటే నాకు గౌరవం. ఎందుకంటే క్రైస్తవ తల్లిదండ్రులు ఎక్కువగా పడే గొయ్యి ఇక్కడే ఉంది. చెడంతా బయటే ఉందని, పిల్లలు తెల్లకాగితాలని, కాగితం మీద మరక పడకుండా చూస్తే చాలని అనుకుంటాం. మా పెద్దవాడు మొదటి అబద్ధం చెప్పినప్పుడు వాడికి మూడేళ్లు. అప్పటికి మా ఇంట్లో టీవీ లేదు, వాడికి స్నేహితులూ లేరు. అబద్ధం ఎవరి దగ్గర నేర్చుకున్నాడని అడిగితే నా దగ్గర జవాబు లేదు. అది వాడితోనే వచ్చింది.

అయినా బైబిలు పరిసరాలను తేలిగ్గా తీసుకోలేదు. జ్ఞానులతో తిరిగేవాడు జ్ఞాని అవుతాడని సామెతలు 13:20 చెబుతుంది. కోపిష్టితో స్నేహం చేస్తే వాడి తీరు నీకూ అంటుకుంటుందని 22వ అధ్యాయం హెచ్చరిస్తుంది. "దుష్టసాంగత్యము మంచి నడవడిని చెరుపును" అని అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు రాశాడు. మన పెద్దలు కూడా ఆర్నెల్లు సహవాసం చేస్తే వారు వీరవుతారని అన్నారు.

నేను అర్థం చేసుకున్నంతవరకు విత్తనం లోపలిదే. ఏ విత్తనానికి నీళ్లు పడతాయి, ఏది ఎండుతుంది అన్నది చుట్టూ ఉన్న నేలనుబట్టి ఉంటుంది. కొత్త హృదయం ఇచ్చేది దేవుడు ఒక్కడే. అది నా చేతిలో లేదు. నేల దున్నడం, కలుపు తీయడం మాత్రం నాకు అప్పగించిన పని.

ఒకే ఇంట్లో, ఒకే తల్లిదండ్రుల దగ్గర పెరిగిన పిల్లలు వేరువేరుగా ఎందుకు ఉంటారు?

పుట్టుకతో వచ్చిన స్వభావం చిన్న విషయం కాదు. కవలల మీద దాదాపు యాభై ఏళ్లలో వచ్చిన 2,748 పరిశోధన పత్రాలను ఒకచోట చేర్చి 2015లో ఒక విశ్లేషణ ప్రచురించారు. అన్ని లక్షణాలనూ కలిపి సగటున చూస్తే మనుషుల మధ్య తేడాల్లో సుమారు 49 శాతం జన్యువులతో ముడిపడి ఉన్నట్టు అందులో తేలింది. అంటే అటు "అంతా పెంపకమే" అనేవాళ్ల మాటా నిలబడదు, ఇటు "పుట్టుక బుద్ధి ఎక్కడికి పోతుంది" అనేవాళ్ల మాటా నిలబడదు.

ఇంకో సంగతి ఉంది. ఒకే ఇల్లు ఇద్దరు పిల్లలకు ఒకటే ఇల్లు కాదు. మా పెద్దవాడు పెరిగిన ఇంట్లో ఇరవైల్లో ఉన్న, ఏదీ తెలియని, ప్రతిదానికీ టెన్షన్ పడే అమ్మ ఉంది. పాప పెరుగుతున్న ఇంట్లో ఇద్దరు అన్నలున్నారు, కొంచెం నెమ్మదించిన అమ్మ ఉంది. నేను గట్టిగా మాట్లాడితే పెద్దవాడు ముడుచుకుపోతాడు, రెండోవాడు ఎదురు తిరుగుతాడు. ఒక్క మాటే ఇద్దరికీ రెండు వాతావరణాలు అవుతుంది. అందుకే "ఇంటికి ఏది మంచిది" అని అడగడం మానేసి, "ఈ బిడ్డకు ఈ ఇల్లు ఎలా తగులుతోంది" అని చూడటం మొదలుపెట్టాను.

హోమ్‌స్కూలింగ్ అంటే పిల్లల్ని లోకం నుంచి దాచిపెట్టడమే కదా?

అలా చేసేవాళ్లు ఉన్నారు. మొదటి రెండేళ్లు నేనూ చేశాను. ఇప్పుడు అది సరికాదని నమ్ముతున్నాను. తన శిష్యులను లోకంలోంచి తీసుకుపొమ్మని తాను అడగడం లేదని, దుష్టుని నుంచి కాపాడమని అడుగుతున్నానని యోహాను 17లో ప్రభువే ప్రార్థించాడు.

ఈ విషయంలో నేను బైబిల్లోని లోతు కథనూ దానియేలు కథనూ పక్కపక్కన పెట్టుకుని చదువుతాను. కాపురానికి చోటు వెతుక్కుంటున్న లోతుకు మొదట కనబడింది నీళ్లు సమృద్ధిగా ఉన్న యొర్దాను మైదానం. మంచి మేత, మంచి వ్యాపారం. చెడుతనానికి పేరుబడ్డ సొదొమ ఊరి వైపుగా గుడారం వేసుకున్నాడు. మరుసటి అధ్యాయంలో సొదొమలోనే కాపురం ఉన్నాడు. ఆదికాండము 19కి వచ్చేసరికి ఊరి గుమ్మం దగ్గర కూర్చుని ఉన్నాడు. ఏ రోజూ "నేను సొదొమవాడినవుతాను" అని అతను నిర్ణయించుకోలేదు. గుడారం కొంచెం కొంచెంగా జరిగింది, అంతే. చివరికి ఊరు నాశనమవుతుందని అల్లుళ్లను హెచ్చరిస్తే వాళ్లకు అది ఎగతాళిలా వినబడింది. ఆ వాక్యం దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. తండ్రి మాటకు ఇంట్లోనే బరువు లేకుండా పోయింది.

యూదుడైన దానియేలుకు పరిసరాలను ఎంచుకునే వీలే లేదు. బబులోనుకు పట్టుకుపోయారు, పేరు మార్చి బెల్తెషాజరు అన్నారు, మూడేళ్లు అక్కడి కల్దీయుల భాష, విద్య నేర్పించారు. అతను ఆ చదువును కాదనలేదు. పెట్టిన పేరుకోసం గొడవపడలేదు. రాజు భోజనం మాత్రం తిననని గీత గీశాడు. అతని పక్కన అదే మనసున్న ముగ్గురు స్నేహితులు ఉన్నారు. పెద్దవాడయ్యాక కూడా రోజుకు మూడుసార్లు యెరూషలేము వైపు తెరిచిన కిటికీ దగ్గర మోకరించాడు. పరాయి ఊళ్లో కూడా ఆ కిటికీ దగ్గరి చోటును అతను తనకోసం ఏర్పాటు చేసుకున్నాడు. నా పిల్లలకు అలాంటి అలవాటు ఎముకల్లో దిగాలంటే సమయం కావాలి. ఇంట్లో చదువు నాకు ఇచ్చేది ఆ సమయమే.

స్నేహితుల ప్రభావం నిజంగా అంత ఉంటుందా? మంచి పెంపకం ఉంటే చాలదా?

ఉంటుంది. దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ సుసన్నా వెస్లీ. మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ, చార్లెస్ వెస్లీల తల్లి. ఇంగ్లండులోని ఎప్‌వర్త్‌లో పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పింది. 1709లో వాళ్ల ఇల్లు కాలిపోయింది. జాన్‌కు అప్పుడు ఐదేళ్లు. పై అంతస్తు కిటికీలోంచి అతన్ని బయటకు లాగారు. ఇల్లు మళ్లీ కట్టేదాకా పిల్లల్ని వేరువేరు ఇళ్లలో ఉంచాల్సి వచ్చింది.

1732లో జాన్‌కు రాసిన ఉత్తరంలో ఆవిడ ఆ రోజుల గురించి చెప్పింది. అంతకుముందు తన పిల్లలంత పద్ధతిగా ఉన్నవాళ్లు అరుదు. ఆ కొద్దికాలంలోనే ఆదివారపు నియమం వదిలేశారు, పిచ్చి పాటలు నేర్చుకున్నారు, మాట మోటుబారింది, మర్యాద తగ్గింది. వాటిని సరిచేయడం తేలిక కాలేదని ఆవిడే ఒప్పుకుంది. అంత పట్టుదలగల తల్లి, అంత గట్టి శిక్షణ, అయినా చుట్టూ మనుషులు మారేసరికి పిల్లలు మారారు. మోటు మాట, పల్లె యాస కూడా ఆవిడ ఆ తప్పుల జాబితాలోనే వేసింది. యాసను పాపంలో కలపడం నాకు సమ్మతం కాదు, కానీ మిగతాదంతా నా ఇంట్లో చూసిందే.

నాకు ఇంకా విలువైనది ఆ తర్వాత ఆవిడ చేసిన పని. కంచె ఎత్తు పెంచి ఊరుకోలేదు. పెద్దపిల్లలు ఒక్కొక్కరు ఒక చిన్నపిల్లను పక్కకు తీసుకుని కీర్తనలు, ఒక అధ్యాయం చదివించే ఏర్పాటు చేసింది. వారంలో ఒక్కో సాయంత్రం ఒక్కో బిడ్డతో విడిగా కూర్చుని మాట్లాడింది. జాన్‌ వంతు గురువారం. పెరిగి పెద్దయి దూరంగా ఉన్నప్పుడు కూడా ఆ గురువారాలను అతను తలచుకున్నాడు. మేమూ అది మొదలుపెట్టాం. రెండోవాడి వంతు మంగళవారం. మొదటి నెలంతా వాడు ఏమీ మాట్లాడలేదు. ఐదో వారంలో, షూ లేసు ముడి వేసుకుంటూ, తల ఎత్తకుండా, "నాకు ప్రార్థన చేస్తే ఎవరూ వింటున్నట్టు అనిపించదమ్మా" అన్నాడు. ఆ మాట బయటకు రావడానికి నాలుగు మౌన మంగళవారాలు పట్టాయి.

అవిశ్వాసుల పిల్లలతో ఆడుకోనివ్వవచ్చా?

మేం ఆడుకోనిస్తాం, ఎక్కువగా మా ఇంట్లో, మా కళ్లముందు. ఎవరు ఎవరిని లాగుతున్నారో గమనిస్తాం. సంఘంలోని పిల్లలందరూ మంచి సహవాసమని కూడా నేను అనుకోను. మాకు ఎదురైన అత్యంత కష్టమైన స్నేహం సండే స్కూల్లోంచే వచ్చింది.

మరి సోషలైజేషన్? నలుగురిలో కలవడం ఎలా నేర్చుకుంటారు?

ఈ ప్రశ్న వెనుక ఒక ఊహ ఉంది. తన వయసు పిల్లలు ముప్పైమంది మధ్య ఉంటేనే మనుషులతో మెలగడం వస్తుందన్న ఊహ. పెద్దయ్యాక మనలో ఎవరమూ ఒకే వయసువాళ్లతో బతకం కదా.

మా ఇంట్లో మూడేళ్లపాటు మా అమ్మ మంచం మీద ఉంది. పక్షవాతం వల్ల మాట స్పష్టంగా వచ్చేది కాదు. ఒక వాక్యం పూర్తిచేయడానికి ఆమెకు ఒక్కోసారి నిమిషం పట్టేది. నేను హడావిడిలో ఆమె మాటను మధ్యలోనే అందుకుని పూర్తిచేసేదాన్ని. మా పెద్దవాడు అలా చేయలేదు. మంచం పక్కన స్టూలు వేసుకుని, ఆమె పెదవుల వైపు చూస్తూ, ఆఖరి మాట వచ్చేదాకా ఆగేవాడు. వాడికి అప్పుడు పదకొండేళ్లు. ఇప్పుడు వాడు ఎవరితో మాట్లాడినా ఎదుటివాళ్లు ముగించేదాకా ఆగుతాడు. కొత్తవాళ్లు దాన్ని గమనించి నాతో అంటారు. ఓపిక మీద నేను వాడికి పాఠమేమీ చెప్పలేదు. అమ్మమ్మ మంచమే వాడికి ఆ బడి అయింది. ఇంట్లో జబ్బుమనిషి ఉంటే చదువుకు ఆటంకమని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను.

అలాగని తోటిపిల్లలు అక్కర్లేదని కాదు. ఆటలో ఓడిపోవడం, జట్టులో చోటు దొరకకపోవడం, గొడవపడి మళ్లీ కలవడం ఇవి తల్లిదండ్రులు నేర్పలేరు. వాటికి వారంలో కొన్ని గంటలు తప్పనిసరిగా కేటాయించాలి.

నాకు కోపం ఎక్కువ. రోజంతా నాతోనే ఉంటే పిల్లలకు అదే వస్తుందేమోనని భయం.

మీ భయం అర్థమైంది. అది నా భయం కూడా.

1961లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా 72 మంది చిన్నపిల్లలతో ఒక ప్రయోగం చేశాడు. కొందరి ముందు ఒక పెద్దమనిషి గాలి నింపిన బొమ్మను కొట్టి, తన్ని, తిట్టాడు. తర్వాత ఆ బొమ్మ ఉన్న గదిలో వదిలితే, అది చూసిన పిల్లల్లో చాలామంది అవే దెబ్బలు, అవే మాటలు అప్పజెప్పినట్టు చేశారు. ఎవరూ వాళ్లకు చేయమని చెప్పలేదు, చేస్తే మెచ్చుకుంటామనీ అనలేదు.

కాబట్టి కోపం అంటుకుంటుంది. అయితే పిల్లలు చూసేది మన కోపాన్ని ఒక్కదాన్నే కాదు, దాని తర్వాత మనం ఏం చేస్తామో కూడా చూస్తారు. వేలి కణుపు సంగతి తెలిసిన సాయంత్రం నేను రెండోవాడి ముందు కూర్చుని, "లెక్క తప్పయితే నేను బల్ల కొట్టాను. అది తప్పు. నన్ను క్షమించు" అన్నాను. "కానీ నువ్వు కూడా సరిగ్గా చేసుంటే..." అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ "కానీ" అంటే క్షమాపణ మొత్తం పోతుంది. ఆపుకున్నాను. ఇప్పటికీ నాకు కోపం వస్తుంది. వచ్చినప్పుడు వెళ్లి అడగాల్సినవాళ్లను క్షమాపణ అడుగుతాను. పశ్చాత్తాపం గురించి పిల్లలు ప్రసంగాల్లో వింటారు, కానీ అది ఎలా ఉంటుందో ముందు అమ్మానాన్నల దగ్గర చూడాలి. పిల్లలకు కోపం రేపవద్దని ఎఫెసీయులకు రాసిన పత్రికలో ఉన్న ఆజ్ఞ మనకే, వాళ్లకు కాదు.

కోపం చెయ్యి చేసుకునేదాకా వెళ్తుంటే మాత్రం అది ఒంటరిగా మోసే విషయం కాదు. నమ్మకమైన పెద్దలతో, అవసరమైతే కౌన్సెలర్‌తో మాట్లాడండి. కొంతకాలం పిల్లల చదువు బాధ్యత ఇంకొకరికి ఇవ్వడంలో తప్పేమీ లేదు.

ఇంట్లో మొదట మార్చాల్సింది ఏది?

మాట నిలబెట్టుకోవడం. చాలామంది పుస్తకాల అల్మరా అనో స్క్రీన్ టైమ్ అనో అంటానని అనుకుంటారు. అవి తర్వాత.

పిల్లల ముందు ఒక తీపి పదార్థం పెట్టి, ఆగితే రెండోది ఇస్తామని చెప్పే ప్రయోగం గురించి చాలామంది వినే ఉంటారు. ఆగగలిగిన పిల్లలకు మనోనిగ్రహం ఎక్కువని అనుకునేవారు. రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో సెలెస్ట్ కిడ్, ఆమె సహచరులు దానికి ముందు ఇంకో అడుగు చేర్చారు. మంచి రంగులు, మంచి స్టిక్కర్లు తెస్తామని పిల్లలకు చెప్పారు. సగంమందికి చెప్పినట్టే తెచ్చి ఇచ్చారు. మిగతావాళ్లకు "సారీ, లేవు" అన్నారు. ఆ తర్వాత తీపి పెట్టారు. మాట నిలబెట్టుకున్న మనిషి దగ్గర పిల్లలు సగటున సుమారు 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన మనిషి దగ్గర సుమారు 3 నిమిషాలు. మొత్తం 28 మంది పిల్లలే, చిన్న ప్రయోగమే. కానీ అది చదివాక నేను "ఇదిగో ఐదు నిమిషాల్లో వస్తా" అనడం మానేశాను. ఐదు నిమిషాల్లో రాగలిగితేనే అంటున్నాను. మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు అని ఉండాలన్న ప్రభువు మాట పెద్దల ఒప్పందాలకే అనుకునేదాన్ని.

అలాగే ఫోన్లో ఎవరితోనైనా "దారిలో ఉన్నాం" అని ఇంట్లోనే కూర్చుని చెప్పడం. పిల్లలు తలెత్తి చూస్తారు. ఏమీ అనరు.

స్క్రీన్లు, ఫోన్లు?

మా నియమాలు కొన్నే. పడకగదిలో ఏ స్క్రీనూ ఉండదు, మాది కూడా. భోజనం బల్ల దగ్గర ఫోను ఉండదు. ఎవరూ చూడనప్పుడు టీవీ ఊరికే మోగదు, ఎందుకంటే టీవీ మోగుతుంటే ఇంట్లో మాటలు తగ్గిపోతాయి. కంప్యూటరు అందరూ తిరిగే గదిలో ఉంటుంది. పెద్దవాడికి వయసునుబట్టి వదిలాం, ఏం చూశావని అడుగుతాం, వాడూ చెబుతాడు. ఫిల్టర్ పెట్టుకోండి, కానీ దాని మీద నిద్రపోకండి. తనకు కనబడకూడనిది కనబడినప్పుడు పిల్లవాడు పరుగెత్తుకొచ్చి మనకే చెప్పగలిగితే, అది ఏ ఫిల్టర్ కన్నా మేలు. మొదటిసారి చెప్పినప్పుడు మన ముఖం ఎలా ఉందో దాన్నిబట్టే రెండోసారి చెబుతారు.

మాది చిన్న ఇల్లు, డబ్బు తక్కువ. మంచి వాతావరణం ఎలా ఇవ్వగలం?

నేను చూసిన ప్రశాంతమైన ఇళ్లలో ఒకటి ఒకే గది ఉన్న ఇల్లు. పాతపుస్తకాలు పిల్లల చేతికి అందే ఎత్తులో పెట్టండి. రోజులో ఒక అరగంట ఇల్లంతా నిశ్శబ్దంగా ఉండనివ్వండి. వేళకు పడుకోబెట్టండి. పిల్లల దురుసుతనమని నేననుకున్నది సగం నిద్రలేమేనని ఆలస్యంగా తెలిసింది. పిల్లలకు నిజమైన పని ఇవ్వండి, చేయకపోతే ఇల్లు ఆగిపోయే పని.

రోజూ కుటుంబ ప్రార్థన చేస్తున్నాం. అది చాలదా?

ద్వితీయోపదేశకాండము 6లో తల్లిదండ్రులకు చెప్పిన సమయాలు చూడండి. ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు. రోజంతా ఉంది అందులో. అంటే రోజంతా ప్రసంగించమని నేను అనుకోను. అలా చేసిన ఒక కాలంలో మా పెద్దవాడికి వాక్యమంటే విసుగు వచ్చింది. తప్పు చేసిన ప్రతిసారీ ఒక వచనం చదివి వినిపించేదాన్ని. వాక్యం వాడికి బెత్తంలా తగిలింది. ఇప్పుడు వచనాలు ఎక్కువగా మంచి సమయాల్లోనే వస్తాయి, ఉదయం నడకలో, రాత్రి దీపం ఆర్పేముందు. ప్రార్థన పది నిమిషాలు దాటదు.

స్కూలుకు పంపక తప్పదు. మా పిల్లల సంగతేమిటి?

హోమ్‌స్కూలింగ్ రక్షణ మార్గం కాదు. పౌలు శిష్యుడు తిమోతికి విశ్వాసం అందింది అవ్వ లోయి, తల్లి యునీకే దగ్గర్నుంచి. అతని తండ్రి గ్రీసు దేశస్థుడు, లుస్త్రలో అన్యదేవతల పూజ బలంగా ఉండేది. ఇద్దరు ఆడవాళ్ల నమ్మకం సరిపోయింది. మీకు సాయంత్రాలు, వారాంతాలు ఉన్నాయి. బడి నుంచి వచ్చిన మొదటి పదిహేను నిమిషాలు మార్కులు అడక్కుండా వినండి. ఎవరి పక్కన కూర్చున్నారో, ఎవరు ఒంటరిగా తిన్నారో అడగండి. నాకు తెలిసిన చాలా మంచి పిల్లలు బడికెళ్లి చదువుకున్నవాళ్లే.

అన్నీ చేశాం. అయినా మా బిడ్డ విశ్వాసం నుంచి తొలగిపోయాడు. ఎక్కడ తప్పు చేశాం?

ఈ ప్రశ్న అడిగినవాళ్లకు నేను మొదట జవాబు చెప్పను, పక్కన కూర్చుంటాను.

బాలుడు నడవవలసిన దారి నేర్పితే పెద్దయ్యాక తొలగిపోడన్న సామెతలు 22:6ను చూపించి మిమ్మల్ని ఎవరైనా గాయపరిచి ఉంటే, నాకు బాధగా ఉంది. సామెతలు లోకం సాధారణంగా నడిచే తీరును చెబుతాయి. ఒక్కో బిడ్డకు రాసిచ్చిన హామీ పత్రాలు కావవి. యాజకుడైన ఏలీ ఇంట్లో అతని కొడుకులు హొఫ్నీ, ఫీనెహాసు చెడిపోయారు. అదే మందిరంలో, అదే కాలంలో, ఏలీ దగ్గర పెరిగిన సమూయేలు యెహోవా స్వరం విన్నాడు. ఆ సమూయేలు కొడుకులే తర్వాత లంచాలు తీసుకున్నారు. ఏలీ తన కొడుకులను అడ్డగించలేదని దేవుడు తప్పుపట్టాడు. సమూయేలును అలా తప్పుపట్టినట్టు నాకు ఎక్కడా కనబడదు. కొన్ని ఇళ్లలో తప్పు ఉంటుంది, ఒప్పుకోవాలి. కొన్ని ఇళ్లలో తప్పు కనబడదు, దుఃఖమే ఉంటుంది.

తప్పు ఉంటే ఇప్పుడైనా వెళ్లి చెప్పండి, బిడ్డకు ముప్పై ఏళ్లొచ్చినా సరే. తప్పు లేకపోతే, లేనిదాన్ని వెతికి తెచ్చుకోకండి. ఇంటికి వచ్చినప్పుడు ప్రార్థన గురించి తర్వాత, ముందు అన్నం పెట్టండి. తలుపు తీసే ముఖం కూడా పరిసరమే.

పెద్దయ్యాక బయటకు వెళ్తే తట్టుకోగలరా?

మా పెద్దవాడు ఈ మధ్యే వారానికి మూడు రోజులు బయట ఒక కోర్సుకు వెళ్లడం మొదలుపెట్టాడు. మొదటి వారం తిరిగొచ్చి, అక్కడ అందరూ కలిసి ఒకబ్బాయి నత్తిని వెక్కిరిస్తున్నారని చెప్పాడు. "నువ్వేం చేశావు?" అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. "నవ్వలేదు. కానీ ఏమీ అనలేదు కూడా" అన్నాడు. మంచినీళ్ల గ్లాసు చేతిలో తిప్పుతూ ఉన్నాడు. నేను కూడా ఏమీ అనలేదు. రెండోవారం వాడు ఆ అబ్బాయి పక్కన కూర్చున్నాడు. వాడి మాట ముగిసేదాకా ఆగడం తనకు కష్టమనిపించలేదట.